నిమిషపు కార్డులు: గడియారముతో చదువునకు బలమెంత?

ఏడవ ఎక్కము వచ్చునా యని అడిగినచో అయిదవ తరగతి పిల్లవాడు "ఏడొకట్ల ఏడు" అని అందుకొని, "ఏడు పదులు డెబ్బది" వరకు ఒక్క ఊపులో అప్పజెప్పును. వానినే మధ్యలో ఆపి "ఏడు ఎనిమిదులెంత?" అని అడిగినచో కన్నులు పైకెత్తి, పెదవులు కదపుచు, మరల ఏడొకట్ల నుండి బయలుదేరి ఎనిమిదవ మెట్టు చేరును. జవాబు సరియైనదే. కాని ఆ ఒక్క ఏబదియారు కొరకు ఎనిమిది మెట్లెక్కవలసి వచ్చినది. ఈలోగా నల్లబల్లపై భాగహారము ముందుకు సాగిపోయినది. పిల్లవాడు వెనుక మిగిలిపోయినాడు.

పరీక్ష కాగితముపై ఈ వ్యత్యాసము కనబడదు. పది లెక్కలకు పదియు సరిచేసిన ఇద్దరు పిల్లలకును నూటికి నూరే. ఒకడు ఆ పది లెక్కలను పావు నిమిషములో చేసియుండవచ్చును. రెండవవాడు నాలుగు నిమిషములు వ్రేళ్లు లెక్కించియుండవచ్చును. రెండవవాడు మరుసటి తరగతిలో భిన్నముల వద్ద కూలబడినప్పుడు "నిరుడు బాగుగానే చేసినాడే" యని ఉపాధ్యాయుడు ఆశ్చర్యపడును. శాతము తప్పొప్పులను మాత్రమే చెప్పును, తడబాటును చెప్పదు. అభ్యసన వైకల్యము గల పిల్లల విషయములో ఈ లోపము మరింత హాని చేయును, ఏలయన వారి కష్టమంతయు తరచుగా ఆ తడబాటునందే యున్నది. మాటను చదువగలరు, కాని కూడబలుక్కొని. లెక్క చేయగలరు, కాని ప్రతిసారి మొదటినుండి.

ఈ తడబాటును కొలచి, దానిని తగ్గించుటకై ప్రతిదినము ఒక్క నిమిషము గడియారము పెట్టి ఫ్లాష్‌కార్డులు చదివించు పద్ధతి అమెరికాలో అర్ధశతాబ్దిగా వాడుకలో నున్నది. దానిని నెత్తిన పెట్టుకొన్నవారును గలరు, పిల్లలను హింసించు పద్ధతి యని త్రోసిపుచ్చినవారును గలరు. ఇరువురి మాటలలోను ఎంత నిజమున్నదో తూచి చూచుట అవసరము.

ఈ పద్ధతికి మూలపురుషుడు ఆగ్డెన్ లిండ్‌స్లీ (1922–2004). ఆయన హార్వర్డు విశ్వవిద్యాలయములో ప్రవర్తనా శాస్త్రవేత్త బి. ఎఫ్. స్కిన్నరు శిష్యుడు. ప్రయోగశాలలో ఎలుక మీట నొక్కుచుండ, నిమిషమునకు ఎన్నిమార్లు నొక్కుచున్నదో స్కిన్నరు యంత్రము గీత గీయుచుండెడిది. తప్పెన్ని, ఒప్పెన్ని అనుటకంటె ఎంత కాలములో ఎన్ని అనునదే ప్రవర్తనకు సరియైన కొలత యని ఆ ప్రయోగశాల నేర్పిన పాఠము. ఎలుక అనుకొన్నట్లు నడువకున్న తప్పు ఎలుకది కాదు, ప్రయోగము నడుపువానిది అనునది రెండవ పాఠము. 1965లో కాన్సాస్ విశ్వవిద్యాలయమునకు వచ్చిన లిండ్‌స్లీ ఈ రెండు పాఠములను బడిలోనికి తెచ్చినాడు. పిల్లవాడు నేర్వలేకున్న మార్చవలసినది పిల్లవానిని కాదు, పాఠమును. ఈ ఒక్క మాటకే ఆయనను గౌరవింపవచ్చును.

ఆయన తయారుచేసిన రేఖాచిత్రపు కాగితము ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఆసక్తి కలిగించును. అడ్డముగ 140 దినములు, అనగా 20 వారములు. నిలువుగ నిమిషమునకు ఎన్ని జవాబులు అను లెక్క, అది 0.001 నుండి 1000 వరకు. అనగా అడుగునుండి అంచువరకు పది లక్షల రెట్లు. ఇంత వ్యాప్తి ఒక కాగితముపై ఇమిడినదనిన నిలువు కొలత సంవర్గమానపు కొలత యని తెలియుచునే యున్నది. ఈ కాగితముపై 5 నుండి 10కి ఎంత ఎత్తో, 50 నుండి 100కి కూడ అంతే ఎత్తు. కూడికను కాక గుణకారమును చూపు కాగితమిది. వారమునకు రెండింతలగు పిల్లవాని గీత ఎడమ అడుగు మూల నుండి కుడి పై మూలకు పోవు కర్ణమునకు సమాంతరముగ నుండును. విద్యార్థులు సరిచూచుకొనవచ్చును: 20 వారములు వరుసగా రెండింతలైనచో 2ను 20 మార్లు గుణింపవలెను, వచ్చునది 10,48,576, ఇంచుమించు పది లక్షలు.

దీనిలోని మంచి ఎక్కడున్నదో చూడవలెను. నిమిషమునకు 4 మాటలు చదువు పిల్లవాడు వారము తిరుగునప్పటికి 8 చదివినచో మామూలు కాగితముపై అది కంటికి ఆనదు. 40 నుండి 80కి పోయినవాడు కొండ యెక్కినట్లుండును. లిండ్‌స్లీ కాగితముపై ఇద్దరి వాలును ఒక్కటే. వెనుకబడినవాడు ముందున్నవానితో సమముగ నేర్చుచున్నాడని కాగితమే సాక్ష్యము చెప్పును. తరగతిలో ఎప్పుడును చివరివాడనిపించుకొన్న పిల్లవానికి ఇది చిన్న విషయము కాదు. అయితే, వారమునకు రెండింతలు చొప్పున ఎవరును 20 వారములు పెరుగజాలరు. నాలుక తిరుగు వేగమునకు హద్దున్నది. ఏ గీతయైనను కొంతదూరము పోయి వంగక తప్పదు. వంగినచోట పిల్లవాడు నేర్చుట ఆగినదా, లేక నోటికి ఇంతకంటె వేగము లేదా అనునది కాగితము చెప్పదు. తప్పుల జాతిని కూడ అది చెప్పదు. "ఏడు ఎనిమిదులు ఏబదినాలుగు" అన్నవాడును, "పదునైదు" అన్నవాడును కాగితముపై ఒక్కొక్క తప్పే చేసినారు. కాని మొదటివాడు జారినాడు; రెండవవాడు గుణకారమునకు కూడిక చేసినాడు. వీరిద్దరికి చేయవలసిన వైద్యము ఒకటి కాదు.

ఇక కార్డుల మాట. లిండ్‌స్లీ 1970ల చివరి భాగమున ఈ సాధనకు 'శాఫ్‌మెడ్స్' అని పేరు పెట్టినాడు. ఏడు ఆంగ్లపదముల మొదటి అక్షరములను కూర్చిన పేరిది. పైకి పలుకవలెను, అన్ని కార్డులు కట్టలో నుండవలెను, వేగముగ, ఒక నిమిషము, ప్రతిదినము, కలిపి. కార్డునకు ఒకవైపు ప్రశ్న, మరియొకవైపు జవాబు. మామూలుగా ఉపాధ్యాయుడు కార్డెత్తి చూపగా తరగతి బృందగానము చేయును. ఇక్కడ అట్లు కాదు. కట్ట పిల్లవాని చేతిలోనే యుండును. ప్రశ్న చూచి, జవాబు పైకి చెప్పి, కార్డు త్రిప్పి సరిచూచుకొని, సరియైనవి ఒక కుప్ప, కానివి ఒక కుప్ప వేయును. నిమిషము కాగానే రెండు కుప్పలను లెక్కించి కాగితముపై రెండు చుక్కలు పెట్టుకొనును.

ఈ ఆరు నియమములలో 'కలుపుట' అనునది ఎక్కముల నడుమ పెరిగిన మన పిల్లలకు ప్రత్యేకముగ పనికివచ్చునది. ఎక్కమును వరుసగా వల్లించునప్పుడు ప్రతి జవాబునకు దాని ముందున్న జవాబే ప్రశ్న యగుచున్నది; నలుబది తొమ్మిది నోట వచ్చిన పిమ్మట ఏబదియారు దానంతట వచ్చును. అది పాట జ్ఞాపకము. కార్డులను పేకముక్కలవలె కలిపినప్పుడు ఆ ఊతకర్ర జారిపోవును; 'ఏడు ఎనిమిదులు' అను ప్రశ్నకే జవాబు అతుకుకొనవలసి వచ్చును. వల్లెవేయుటను తప్పుపట్టుట కాదిది; వల్లెవేత అనంతరము ఒక మెట్టు మిగిలియున్నదని మాత్రమే. 'ప్రతిదినము' అను నియమమునకు కూడ బలమైన ఆధారమున్నది. ఒకే దినమున పలుమార్లు చదువుటకంటె దినములపై పంచి చదివినచో జ్ఞాపకము నిలుచునని జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తనమీద తానే ప్రయోగములు చేసికొని 1885లో ప్రకటించినాడు. తరువాతి పరిశోధనలు దానిని బలపరచినవే గాని కాదనలేదు.

మరి 'వేగము', 'నిమిషము' అనువాని సంగతి యేమి? వివాదమంతయు ఇక్కడనే యున్నది.

వేగము ఏల కావలెనో ముందు చెప్పుకొనవలెను. మనస్సు ఒక్కసారి పట్టి యుంచగల విషయములు బహుకొద్ది. అక్షరములను కూడబలుకుటకే ఆ కొద్ది స్థలమును వెచ్చించిన పిల్లవానికి వాక్యార్థమును పట్టుకొనుటకు చోటు మిగులదు. వాక్యము చివరకు చేరునప్పటికి మొదలు మరచిపోవును. సైకిలు త్రొక్కుట అలవడని వానికి త్రోవలోని వారితో మాటలాడుట సాధ్యము కానట్లే ఇది. డేవిడ్ లబర్జ్, జే శామ్యూల్స్ అను అమెరికను పరిశోధకులు 1974లో ఈ వాదమును సిద్ధాంతముగ ప్రతిపాదించిరి: మాటలను గుర్తించుట ప్రయత్నము లేకుండ జరిగిననే శ్రద్ధ అర్థమువైపు మరలును. చదువులో కష్టపడు పిల్లలు బొమ్మల పేర్లను, రంగుల పేర్లను వరుసగా చెప్పుటలో సైతము నెమ్మదిగా నుందురని అదే దశాబ్దిలో డెంక్లా, రూడెల్ అనువారు చూపిరి. లెక్కలలో వెనుకబడిన పిల్లలలో కూడ పెక్కుమందికి చిన్న చిన్న కూడికల జవాబులు స్మృతినుండి వెంటనే పైకి రావు.

కావున ధారాళత అవసరమే. దానిని సాధించుటకు గడియారమే మార్గమా అనునది వేరు ప్రశ్న. లిండ్‌స్లీ అనుయాయులు ఈ రెండింటిని ఒక్కటిగా కలిపివేసిరి. నిర్ణీత వేగము చేరిన పిల్లవానికి నేర్చినది చాలకాలము నిలుచుననియు, ఎక్కువసేపు అలసట లేకుండ పనిచేయగలడనియు, నేర్చినదానిని క్రొత్త పనికి అన్వయింపగలడనియు వారి వాదము. దీనికి తరచుగ చూపు సాక్ష్యము మాంటానా రాష్ట్రమందలి గ్రేట్ ఫాల్స్ పట్టణములోని బడి. 1970లలో అచ్చట దినమునకు 20 నుండి 30 నిమిషములు ఇట్టి సాధన చేయించగా, మూడు నాలుగు సంవత్సరములలో పిల్లలు ప్రామాణిక పరీక్షలలో ఆ పట్టణపు ఇతర పిల్లలకంటె 19 నుండి 40 శతాంశ స్థానములు ముందుకు పోయిరట. అంకెలు గొప్పవే. కాని ఒక బడికి క్రొత్త పద్ధతి, దానితోపాటు క్రొత్త శిక్షణ, క్రొత్త ఉత్సాహము, దినదినము లెక్కజూచు కన్ను ఒక్కసారిగా వచ్చినప్పుడు ఫలమంతయు గడియారమునకే కట్టబెట్టుట న్యాయము కాదు. ఏ పిల్లలకు ఏ పద్ధతియో చీట్లు తీసి నిర్ణయించిన ప్రయోగము కాదది.

2004లో డౌటీ, చేజ్, ఓషీల్డ్స్ అను ముగ్గురు పరిశోధకులు అంతవరకు వచ్చిన అధ్యయనములను వరుసగా పరిశీలించి ఒక చిక్కు ప్రశ్న వేసిరి. ఈ ముగ్గురును ప్రవర్తనా శాస్త్రమునకు వెలుపలివారు కారు; వారి వ్యాసము ఆ శాస్త్రపు పత్రికలోనే వెలువడినది. అందుచేతనే దానికి విలువ యెక్కువ. వారి ప్రశ్నను ఇట్లు అర్థము చేసికొనవచ్చును. ఒకే బెంచీమీద ఇద్దరు పిల్లలున్నారనుకొందము. గడియారముతో చేయువాడు నిమిషమునకు 40 కార్డులు, గడియారము లేకుండ చేయువాడు 10 కార్డులు త్రిప్పుచున్నారు. అయిదు నిమిషములలో మొదటివాడు 200 మార్లు, రెండవవాడు 50 మార్లు జవాబు చెప్పినట్లు. వారము తరువాత మొదటివాడు ఎక్కువ జ్ఞాపకముంచుకొన్నచో దానికి కారణము వేగమా, లేక నాలుగింతల సాధనయా? ఇద్దరికి 50 మార్లే ఇచ్చి, ఒకడు వేగముగ, ఒకడు నిదానముగ చేసిననే గాని వేగపు మహిమ బయటపడదు. గతములో జరిగిన అధ్యయనములలో చాలవరకు ఈ జాగ్రత్త తీసికొనలేదని ఆ ముగ్గురు తేల్చిరి.

ఇది గట్టి దెబ్బయే. అయితే ఉపాధ్యాయుని దృష్టితో చూచినచో దెబ్బ కొంత మెత్తబడును. ప్రయోగశాలకు వేగమును, సాధన సంఖ్యను విడదీయుట ముఖ్యము. బడికి అయిదు నిమిషములే యున్నవి. ఆ అయిదు నిమిషములలో గడియారము పిల్లవానిచేత ఎక్కువమార్లు జవాబు చెప్పించినదనిన, మహిమ వేగమునదైనను సాధనదైనను బడికి లాభమే. సిద్ధాంతము తప్పినను పనిముట్టు పనిచేయవచ్చును.

పనిచేయునా యని నిజముగ తూచిన ప్రయోగమొకటి తరువాత వచ్చినది. టెనెసీ రాష్ట్రమందలి వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున లిన్ ఫుక్స్, ఆమె సహచరులు 2013లో ప్రకటించినదది. లెక్కలలో వెనుకబడు ప్రమాదమున్న మొదటి తరగతి పిల్లలు 591 మందిని యాదృచ్ఛికముగ మూడు వర్గములు చేసిరి. 206 మందికి ప్రత్యేక బోధన లేదు. తక్కిన రెండు వర్గములకు వారమునకు మూడుసార్లు, 16 వారములు, సారికి 30 నిమిషముల బోధన. అందు 25 నిమిషములు ఉభయులకు ఒక్కటే: సంఖ్యల తెలివిని పెంచు పాఠము. చివరి 5 నిమిషములే వేరు. 195 మందికి గడియారముతో త్వరిత సాధన, 190 మందికి తొందరలేని సాధన. చక్కని అమరిక, రెండు కుండీలలో ఒకే మన్ను, ఒకే విత్తనము పెట్టి, పోయు నీటిని మాత్రమే మార్చినట్లున్నది.

ఫలితము: బోధన పొందిన రెండు వర్గములును పొందని వర్గముకంటె అన్నిట మిన్నగ నున్నవి. చిన్న కూడికలు, తీసివేతలు, రెండంకెల లెక్కలలో త్వరిత సాధన చేసినవారు తొందరలేని సాధన చేసినవారిని మించిరి. సంఖ్యా జ్ఞానములోను, మాటల లెక్కలలోను ఇద్దరును సమానులే. అనగా అయిదు నిమిషముల గడియారము తాను తాకినచోట పనిచేసినది, తాకనిచోట పనిచేయలేదు. చెరుపు కూడ చేయలేదు. ఆలోచనాశక్తి తక్కువగా నున్న పిల్లలకు ఆ లోటును పూడ్చుకొనుటలో త్వరిత సాధనయే సాయపడినదని కూడ ఆ పరిశోధకులు కనుగొనిరి. "వెనుకబడిన పిల్లలకు గడియారము వద్దు, పాపము" అనువారు ఈ చివరి మాటను రెండుమార్లు చదువవలెను.

ఐతే అచ్చటి త్వరిత సాధన లిండ్‌స్లీ సాధన కాదు. తేడా చిన్నదిగ కనబడును గాని ముఖ్యమైనది. అక్కడ పిల్లలకు ముందే ఒక నియమము నేర్పిరి: జవాబు తెలిసిన చెప్పుము, తెలియకున్న లెక్కించి కనుగొనుము. నిమిషము నడుచుచుండగా తప్పు చెప్పినచో అక్కడికక్కడే లెక్కించి సరిదిద్దుకొన్న పిమ్మటనే తరువాతి కార్డు. తప్పు చేసిన కాలము వృథా యగునని పిల్లవానికి తెలియును గనుక, తొందర దానంతటదే జాగ్రత్తగ మారును. పోటీ ప్రక్కవానితో కాదు, కొంతసేపటి క్రిందటి తన లెక్కతోనే. లిండ్‌స్లీ పద్ధతిలో తప్పు కార్డు త్రిప్పి చూచి, ప్రక్కన పడవేసి ముందుకు పోవుటయే. తెలిసినవానికి అది చాలును. జవాబెట్లు వచ్చినదో తెలియని పిల్లవానికి అది చాలదు. వాడు ఏబదియారును ఒక బొమ్మవలె కంఠస్థము చేయును, లేదా చేయలేక కుప్ప పెరుగుచుండగా చూచుచు కూర్చుండును.

'అన్ని కార్డులు' అను నియమముతో కూడ ఇదే చిక్కు. అరువది కార్డుల కట్టలో ఏబది తెలియని పిల్లవానికి మొదటి వారమంతయు ఓటమి లెక్కయే. తప్పులు నేర్చుటకు మెట్లని లిండ్‌స్లీ పక్షపువారు అందురు. పెద్దలకు, కళాశాల విద్యార్థులకు ఆ మాట చెల్లవచ్చును. అభ్యసన వైకల్యము గల పిల్లవాడు బడికి వచ్చునప్పటికే కావలసినన్ని తప్పులు చేసియున్నాడు. దీనికి విరుద్ధమైన పద్ధతి యొకటి కలదు: తొమ్మిది తెలిసిన కార్డుల నడుమ ఒక్క క్రొత్త కార్డు. క్రొత్తది, తెలిసినదొకటి, క్రొత్తది, తెలిసినవి రెండు, ఇట్లు తొమ్మిదివరకు. లెక్కించి చూచినచో ఒక్క క్రొత్త మాటకై కార్డులు 54 మార్లు చూపవలెను, అందు క్రొత్తది 9 మార్లు. నిస్ట్, జోసెఫ్ అనువారు 2008లో చిన్న తరగతి పిల్లలపై పోల్చిచూడగా ఈ పద్ధతితో మాటలు ఎక్కువ నిలిచినవి; కాని వెచ్చించిన నిమిషముల లెక్కన చూచినచో తిన్నగా క్రొత్త కార్డులే చదివించుట లాభించినది. పిల్లవాని ధైర్యమును, ఉపాధ్యాయుని కాలమును ఒకే త్రాసులో తూచుట ఎంత కష్టమో దీనివలన తెలియును. కార్డులను పదేసి చొప్పున చిన్న కట్టలు చేసి, ఒక కట్ట సాగిన పిమ్మట మరియొక కట్ట కలుపుట అనుభవజ్ఞులు త్రొక్కు నడిమి త్రోవ. అది నియమమునకు విరుద్ధమైనను బుద్ధికి విరుద్ధము కాదు.

ఇక చదువు సంగతి. కార్డులమీది మాటలను చకచక చదివిన పిల్లవాడు కథను అర్థము చేసికొనునా? 1979లో ఫ్లైషర్, జెంకిన్స్, పేనీ అనువారు నాలుగు, అయిదు తరగతులలో చదువు రాని పిల్లలకు కార్డులతో మాటలు వేగముగ చదువుట నేర్పి, ఆ మాటలే గల కథలను చదివించిరి. మాటల వేగము పెరిగినది, అర్థము పెరుగలేదు. చాలకాలము ఫ్లాష్‌కార్డులకు వ్యతిరేకముగ ఈ ప్రయోగమునే చూపుచుండిరి. 1997లో న్యూజీలాండు పరిశోధకులు టాన్, నికల్సన్ ఆ ప్రశ్నను మరల చేపట్టిరి. ఏడు నుండి పదేండ్ల వయస్సు గల 42 మంది వెనుకబడిన పిల్లలు. కొందరికి ఒక్కొక్క మాట, కొందరికి మాటల కూర్పు, చూచినంతనే చదువగలుగువరకు సాధన. మూడవ వర్గమునకు ఆ మాటల అర్థములపై ముచ్చట మాత్రమే, చదువు సాధన లేదు. ఈసారి సాధన చేసినవారికి కథ ఎక్కువ అర్థమైనది. రెండు ప్రయోగములకు తీర్పు వేరైనను ఒక సంగతి స్పష్టము: మాటల వేగము అర్థమునకు తలుపు తెరువగలదు, కాని లోపలికి తీసికొనిపోదు. తొందరగ చదివిన పిల్లవానిని "ఏమి చదివితివి?" అని అడుగని బడిలో ఫ్లాష్‌కార్డులు శబ్దము చేయుటకే పనికివచ్చును.

గడియారము పిల్లలను భయపెట్టునను ఆక్షేపణను కూడ తేలికగా తీసివేయరాదు. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు గణిత విద్యాచార్యురాలు జో బోలర్ కాలము పెట్టిన పరీక్షలే లెక్కల భయమునకు బీజమని గట్టిగా వాదించినారు. ఇక్కడ రెండు వేరువేరు వస్తువులకు ఒక్క పేరు పెట్టుట జరుగుచున్నది. అందరి ఎదుట, మార్కులకై, వారమున కొకసారి పెట్టు గడియారము పరీక్ష. ఒకరికొకరు జతగా కూర్చుండి, నిన్నటి తన లెక్కను నేడు దాటుటకు పెట్టుకొను నిమిషము సాధన. మొదటిదానికి చెప్పిన దోషమును రెండవదానికి అంటగట్టుట తొందరపాటు. కాని బడులలో రెండవది మొదటిదానిగ మారిపోవుట ఎంతసేపు? లెక్కలను గోడకు అంటించిన దినముననే మారిపోవును. నత్తి గల పిల్లవానిని పైకి చెప్పమని, వ్రేళ్లు స్వాధీనములో లేని పిల్లవానిని వ్రాయమని గడియారము పెట్టుట మరియొక తప్పు. అక్కడ కొలువబడునది తెలివి కాదు, నాలుక, వ్రేళ్లు. 1 నుండి 9 వరకు అంకెలను ఊరక వ్రాయుటకే ఆ పిల్లవానికి నిమిషమునకు ఎన్ని సాగునో ముందు చూచుకొన్నచో లెక్కలలో వానినుండి ఎంత వేగము ఆశింపవచ్చునో తెలియును.

ఈ చర్చ తెలుగు బడులకు ఇప్పుడు దూరపు మాట కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము నిర్దిష్ట అభ్యసన వైకల్యమును వైకల్యముల పట్టికలో చేర్చినది. 2021లో ఆరంభమైన నిపుణ్ భారత్ పథకము మూడవ తరగతి ముగియునప్పటికి పిల్లలు నిమిషమునకు కనీసము 60 మాటలు అర్థముతో చదువవలెనని లక్ష్యము పెట్టినది. గడియారము ఆ విధముగ తరగతిగదిలోనికి వచ్చియే యున్నది.

కాని 'మాట' అనునది అన్ని భాషలలో ఒకే తూనికరాయి కాదు. ఆంగ్లములో అయిదు మాటలు పట్టు "ఐ వాంట్ టు గో హోమ్" అను వాక్యమును తెలుగు పిల్లవాడు "ఇంటికెళ్లాలనుకుంటున్నాను" అని ఒక్క మాటలో ముగించును. ఆ మాటను చదివిన నోరు పది అక్షరములను దాటినది. మాటల లెక్కతో పోల్చినచో తెలుగు పిల్లవాడు చేయని నేరమునకు నిదానస్థుడు అనిపించుకొనును. ఇక్కడ నిమిషమునకు ఇన్ని మాటలు అనుటకంటె ఇన్ని అక్షరములు అనుట న్యాయము. కార్డుల కట్ట కూడ వేరుగ నుండవలెను. హల్లులు ముప్పదియైదు, గుణింతపు రూపములు పన్నెండు అని తక్కువలో తక్కువ లెక్కగట్టినను 420 రూపములు; వత్తులు వీనికి అదనము. మన లిపికి సోదరియైన కన్నడ లిపిని నేర్చు పిల్లలను పరిశీలించి సోనాలి నాగ్ 2007లో ప్రకటించిన అధ్యయనము అక్షరములపై పట్టు మొదటి రెండు తరగతులతో ముగియదనియు, నాలుగవ తరగతి వరకు సాగుచునే యుండుననియు చూపినది. మూడవ తరగతిలో 'క్ష్మి' వద్ద ఆగిన పిల్లవానిని చూచి కంగారుపడవలసిన పనిలేదు; 'కి' వద్ద ఆగినవానిని చూచి పడవలెను.

అట్టివానికి కట్ట కూర్చునప్పుడు గుణింతమును వరుసగా పేర్చుట కూడదు. 'క, కా, కి, కీ' యని పేర్చినచో ఏడవ ఎక్కము కథ మరల మొదలగును. పోలికగల అక్షరములను, అనగా 'ప, వ', 'మ, య', 'బ, భ' వంటివానిని, ఒకే దినమున క్రొత్తగా ప్రవేశపెట్టరాదు. ఒకటి సాగిన పిమ్మటనే రెండవదానిని కట్టలో కలుపవలెను. నిమిషము ముగియగానే తప్పు కుప్పను ప్రక్కన పెట్టక, దానినే చేతికి తీసికొని ఒక్కొక్క కార్డు గల మాటను పిల్లవానిచేత చెప్పించి, ఆ మాటతో ఒక వాక్యము చదివించి, అందులో ఎవరు ఏమి చేసిరో అడుగవలెను. ఇంతకు మొత్తము అయిదారు నిమిషములు పట్టును. అందు గడియారమునకు దక్కునది ఒక్కటే నిమిషము.